మంత్రగత్తెనని తానే చెప్పుకున్న మనిషి

ఎనభైలలో, నేను నూజివీడులో డిగ్రీ చదువుతుండగా, నాకు ఇంగ్లండులో ఒక కలం స్నేహితురాలు ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్దది, లైబ్రరీలో ఉద్యోగం. ఒక వేసవిలో ఆమె రాసిన ఉత్తరంలో, తాను ప్రకృతిని కొలిచే విక్కా అనే మతం పుచ్చుకున్నానని, ఇక తనను మంత్రగత్తె అనుకోవచ్చునని ఉంది. భయమేసి ఆ ఉత్తరం పుస్తకంలో దాచేశాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే, రెడ్డిగూడెం దగ్గర మా మామిడితోటలో పనిచేసే ఒక ముసలామెను మంత్రగత్తె అన్న ఆ మాటే అని పనిలోంచి మాన్పించారు. ఎవరికైనా తేలు కుడితే ఆమె ఏదో ఆకు నూరి కట్టేది, పైకి వినపడకుండా ఏదో గొణిగేది. పక్కతోట కౌలుదారు గేదె ఉన్నట్టుండి చచ్చిపోతే, ఈవిడే చేతబడి చేసిందన్నారు.

"నేను నమ్మనమ్మా. కానీ ఆవిడుంటే మిగతా కూలీలు రామంటున్నారు. కాయంతా చెట్టు మీదే పండిపోద్ది" అన్నారు నాన్నగారు.

ఆ కోపమంతా ఉత్తరంలో రాశాను. నీకది ముచ్చట, ఇక్కడ ఒక మనిషికి కూడు పోయింది అని.

నెల దాటాక పెద్ద జవాబు వచ్చింది. పూర్వం పెద్దలు రహస్యంగా దీక్ష ఇచ్చి తమ గుంపులో చేర్చుకుంటేనే విక్కాలోకి ప్రవేశమట. ఇప్పుడు తనలాంటివాళ్ళు పుస్తకాలు చదివి, ఎవరి ఇంట్లో వాళ్ళు ఒంటరిగా కొవ్వొత్తి వెలిగించుకుని పూజ చేసుకుంటున్నారు. అది చాలామంది పెద్దలకు నచ్చడం లేదు. తాము కొలిచే దేవుడికంటే అమ్మవారిదే మొదటి స్థానమని వాళ్ళలో ఆడవాళ్ళు వాదిస్తున్నారు. ఎవరికీ కీడు తలపెట్టకూడదన్నది తమ నియమమని రాసి, "కొన్నాళ్ళకు మేము దాక్కోనక్కర ఉండదు. ఆ వైద్యం ఆమెతోనే పోకుండా, ఆమెను ఆ ఆకు పేరు అడిగి రాసిపెట్టు" అంది.

ఉత్తరం పట్టుకుని ముసలామె ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తెలుగులో చెబుతుంటే చేతిలో పని ఆపేసి విన్నది.

"మంత్రగత్తెనని ఆవిడే చెప్పుకుంటందా అమ్మాయిగారూ? ఎవురూ కొట్టరా?"

"కొట్టరంట మామ్మా. కొందరు నవ్వుతారంట."

"నవ్వితే ఏవుంది లెండి" అని మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది. "ఆ పేరు ఆవిడ కోరి పెట్టుకుంది. నాకు ఊరోళ్ళు పెట్టారు."

ఆకు సంగతి అడిగాను. తల అడ్డంగా ఊపింది. "నా కోడలికే చెప్పలేదండీ. చెబితే ఈ పేరు దానిక్కూడా అంటుకుంటది."

నేనూ పక్కన కూర్చుని గింజలు తీశాను.

మరుసటి వేసవి కోతలకు నాన్నగారితో దెబ్బలాడి ఆమెను నేనే పిలుచుకొచ్చాను. మూడు రోజులు చెట్టు కింద మేమిద్దరమే కాయలు ఏరాం. మిగతావాళ్ళు దూరంగా ఇంకో చెట్టు కింద కూర్చున్నారు. నాలుగోరోజు కూలీల్లో ఒకామె సద్దిమూట తెచ్చుకుని మా పక్కన చతికిలబడింది. "అక్కడ ఎండగా ఉందండీ" అంది. అక్కడా నీడే. ఆ తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు.

నాకు పెళ్ళయ్యాక ఉత్తరాలు తగ్గిపోయాయి. ఆఖరి దాంట్లో, తన ఇంటికి ప్రతివారం నలుగురు కొత్తవాళ్ళు వస్తున్నారని, దీక్ష లేకుండా నేర్పుతున్నందుకు ఒక పెద్దావిడ తనతో మాట్లాడటం మానేసిందని రాసింది. అది చెప్పడానికి తోటకు వెళితే, ముసలామె అందరి మధ్యా కూర్చుని నవ్వుతూ కనిపించింది.