మల్లేశన్న వెనకడుగు

ఇది రాయకుండనే ఊకుందామనుకున్న... రెండుసార్లు రాసి, రెండుసార్లు కొట్టేసిన. ఇయ్యాల మోకాళ్ల నొప్పితోని పొద్దుగాలనే లేచి కూసున్న, ఇంకేం పనిలేక మళ్ల మొదలువెట్టిన.

మా చిన్నప్పుడు... అరవైతొమ్మిదిల, ప్రత్యేక తెలంగాణ కొట్లాటల బడులన్నీ బంద్. దేవరుప్పుల పక్క పల్లె మాది. మా అన్న మల్లేశం పదో తరగతి, నేను ఆరు. బాయికాడి బండ మీద బొగ్గుతోని గీతలు గీసుకొని పొద్దుందాక పులి-మేక ఆడేటోళ్లం.

తెల్వనోళ్లకు చెప్త... మూడు పులులు, పదిహేను మేకలు. పులులకు కుండ పెంకాసులు, మేకలకు చింతగింజలు. ఆ గింజలు ఏంచుకొని తినే అలవాటుండె నాకు. ఆట నడుమ మేక తక్కువ పడితే అందరు నా నోరు దిక్కు చూసేటోళ్లు! సరే... పులి మీదికెళ్లి దుంకితే మేక పాయె. మేకలు దుంకలేవు. పులులను కదలకుండ చుట్టూ కట్టేస్తేనే మేకల గెలుపు.

పులులు ఎప్పుడూ నాయే. అయినా రోజూ అన్ననే గెలిచేటోడు. ఒక మూల ఇడిచిపెట్టేటోడు, ఒక మేకను తిననిచ్చేటోడు. నేను సంబురంగ లోపటికి పోంగనే ఎనుక దారి మూసేటోడు.

"జాగ పోతే పోనీరా, మంద మిగలాలె" అనేటోడు.

నాకది తెలివి లెక్క కొట్టకపోయేది. భయం లెక్క కొట్టేది.

ఒకనాడు జనగామల ఊరేగింపుకు పోయిండు అన్న. పోలీసులు ఉరికొస్తుంటే, మా ఊరి పోరగాండ్లను పదిమందిని సందులకు గుంజుకొని, చేన్లకు అడ్డంపడి, అందర్ని ఇంటికి తెచ్చిండు. ఒక్కనికి దెబ్బ తగలలే.

మా అరుగు మీద కూసొని ఆ ముచ్చట చెప్తుంటే, అందరి ముంగట నేనే అంటి...

"పులులొస్తే ఉరికొచ్చినవా? నువ్వు మేకవే అన్నా!"

అందరు నవ్విండ్రు. అన్న గూడ నవ్విండు. వారం తిరగకముందే ఊరంత "మేక మల్లేశం". పేరు పెట్టింది నేనేనని నాకు ఒకటే గర్వం...

మళ్ల ఊరేగింపుకు పోయిండు. ఈపారి అందరు ఎనుకకొచ్చిండ్రు, అన్న రాలే. తలకు దెబ్బ. లాఠీదో, రాయిదో ఇప్పటికీ తెల్వదు. వరంగల్ దవాఖానల నాలుగోనాడు పోయిండు.

దినాలనాడు అన్న దోస్తు ఎల్లయ్య మా అమ్మ ముంగట కూసొని చెప్పిండు. "చెయ్యి వట్టి గుంజిన చిన్నమ్మా... 'ఇయ్యాల గూడ ఉరికొస్తే మా చిన్నోడు మళ్ల నవ్వుతడురా' అని ఇడిపించుకున్నడు."

అమ్మ నా దిక్కు చూసింది. తను పోయేదాక గూడ నన్ను ఏమనలే. ఒక్కపారి తిట్టినా బాగుండు...

రాష్ట్రం వచ్చిననాడు మా వాడల పటాకులు కాల్చిండ్రు. నేను తలుపేసుకున్న. ఇప్పుడా ఆట ఫోన్ల ఉందట, మా మనుమరాలు చూపించింది. ఎదురుంగ మనిషే లేడు, ఇగ ఎవడు ఎవన్ని ఎక్కిరిస్తడు? మీరు తమాషాకు అన్న మాట ఏదన్న ఇంకా గుచ్చుతుంటే రాయుండ్రి... చదువుత.

బడులు మళ్ల తెరిచిననాడు నేను ఆరో తరగతిల కూసున్న. పక్క పదో తరగతి గదిల కొత్తగ వచ్చిన పంతులు హాజరు తీసుకుంటున్నడు. మల్లేశం అన్నడు. ఎవ్వరు పలకలే. ఇంకొకపారి పిలిచిండు. తర్వాత కింది పేరు చదివిండు.