కుందలహళ్ళిలో వినిపించిన అక్క గుండె

దయ్యాల మాట ఎత్తితే అక్కడి నుంచి లేచిపోయే రకం నేను. దారిలో దిష్టి నిమ్మకాయ కనిపిస్తే కావాలని తొక్కి మరీ నడిచేదాన్ని. ఇప్పటికీ నా బుద్ధి అంతే. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నా మీద నాకే చిరాకు.

మాది అనంతపురం వైపు నుంచి వచ్చి మడివాళలో స్థిరపడిన కుటుంబం. అక్కకు చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి గుండెలో ఒక కవాటం పాడైంది. కవాటమంటే తలుపు లాంటిదే. రక్తాన్ని ముందుకు వదిలి, వెనక్కి రాకుండా మూసుకోవాలి. అక్కది సరిగా తెరుచుకునేది కాదు. మేడ మెట్లెక్కితే చాలు, ఆయాసంతో కూలబడేది. తొంభైల చివర్లో ఆపరేషన్ చేసి లోహపు కవాటం పెట్టారు.

అది మూసుకున్నప్పుడల్లా చప్పుడవుతుంది. టిక్కు, టిక్కు. గది నిశ్శబ్దంగా ఉంటే పక్కవాళ్ళకు కూడా వినిపిస్తుంది. మేమిద్దరం ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం. మొదట్లో నేను చెవులకు దిండు అడ్డం పెట్టుకుని విసుక్కునేదాన్ని. "నోరు మూసుకోమంటే మూసుకుంటాదా మే అది?" అని అక్క నవ్వేది. పోనుపోను ఆ చప్పుడు లేకపోతేనే నాకు నిద్ర పట్టేది కాదు.

లోహం మీద రక్తం గడ్డకట్టకుండా అక్క బతికినన్నాళ్ళూ రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. మానితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు మా అందరికీ చెప్పాడు. అప్పటికి అక్కకు ఇంకా పెళ్ళి కాలేదు.

తర్వాత అక్క చందాపురలో కాపురానికి వెళ్ళింది. నాకు నగరానికి ఇంకో వైపున, కుందలహళ్ళిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికి అక్కడే గది తీసుకున్నాను. అక్క అత్తగారు కోడలిని కళ్ళల్లో పెట్టుకుని చూసుకునేది. ఆవిడ గురించి వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు.

ఒక ఎండాకాలం అక్కకు అమ్మవారు పోసింది. మా వాళ్ళలో అమ్మవారు ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో తాలింపు పెట్టరు, గుమ్మానికి వేపాకు కడతారు, తలకు స్నానం అయ్యేవరకు మనిషిని గడప దాటనివ్వరు. నాకు చిన్నప్పుడు రాలేదు కాబట్టి ఆ ఛాయలకే రావద్దన్నారు. ఫోన్ చేస్తే అక్క బాగానే మాట్లాడింది. ఎవరికి రాదులే అనుకున్నాను. నాకు దిగులేమీ లేదు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే విన్నవాళ్ళంతా దిగులుతో ఏదో భ్రమపడ్డావు అంటారు.

ఒకరోజు భోజనాలయ్యాక ఆఫీసులో పని చేసుకుంటుంటే ఆ చప్పుడు వినిపించింది. టిక్కు, టిక్కు. నా ఎడమ పక్క నుంచి, ఒకప్పుడు మంచం మీద అక్క పడుకునే వైపు నుంచి.

గడియారమేమో అని లేచి చూశాను. ఆగిపోయి ఉంది. కంప్యూటర్ ఆపేశాను, చప్పుడు ఆగలేదు. పక్కనున్న అమ్మాయిని అడిగితే ఏమీ వినపడటం లేదంది. నా గుండే నా చెవిలో కొట్టుకుంటోందేమో అని మణికట్టు పట్టుకుని చూశాను. నా నాడి నిదానంగా కొట్టుకుంటోంది. ఆ చప్పుడు వడివడిగా ఉంది, రెండింటికీ పొంతనే లేదు.

కుర్చీలో కూర్చోలేకపోయాను. మంచినీళ్ళకని వెళ్ళాను, వెనకాలే వచ్చింది. మెట్ల దగ్గరికి వెళ్ళాను, అక్కడికీ వచ్చింది. కాసేపటికి గుడ్డ చుట్టినట్టు మందగించింది. ఆ తర్వాత లేదు. అది ఆగిపోయాకే నేను ఫోన్ దగ్గరికి పరిగెత్తాను.

చందాపురకు ఫోన్ చేశాను. బావ ఫ్యాక్టరీకి వెళ్ళాడు, అత్తగారు తీసింది. "పడుకోని ఉండాది పాపా. పొద్దున్నించి కొంచెం ఆయాసం. తల్లి దిగేటప్పుడు నీరసం ఉంటాది కదా" అంది.

"అత్తా, అక్క గుండె చప్పుడు ఇనపడతాందా?"

ఆవిడకు ఆ చప్పుడు అలవాటైపోయింది. రోజూ వినేది కదా, ఎప్పుడు తగ్గిందో గమనించినట్టు లేదు. రొమ్ము మీద చెవి పెట్టి చూడమన్నాను. ఫోన్ పక్కన పెట్టి వెళ్ళింది. ఆవిడ తిరిగి వచ్చేలోపు నేను గోళ్ళన్నీ కొరికేశాను.

"ఇనపడలేదు పాపా" అంది.

మాత్ర వేస్తున్నారా అని అరిచాను. అమ్మవారు ఉన్న ఇంట్లో ఇంగ్లీషు మందు ముట్టకూడదని మాత్రలన్నీ తీసి పైన పెట్టేశారట. అందులో ఆ మాత్ర కూడా ఉంది, నాలుగు రోజులకేమవుతుందిలే అని అక్కా ఊరుకుందట. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఉన్నఫళంగా ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను.

"తానం కాకుండా గడప ఎట్ల దాటించేదప్పా? తల్లికి కోపం వస్తే?"

"ఆ కోపమేదో నా నెత్తిన పడనీ అత్తా. బయల్దేరు!"

బయల్దేరింది. తనే ఆటో పిలిచి, కోడలిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే తెచ్చింది. నేను వెళ్ళేసరికి వరండాలో చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంది. నన్ను చూసి భోరుమంది.

స్కాన్‌లో కవాటానికి రక్తం గడ్డకట్టి ఒక రెక్క కదలడం లేదని తేలింది. గడ్డను కరిగించే మందు ఎక్కించారు. కరిగిన ముక్క మెదడుకు పోయే ప్రమాదం ఉందన్నారు, వేరే దారి లేదన్నారు. అదృష్టం, పోలేదు. రెక్క మళ్ళీ కదిలింది.

గడ్డ కడితే చప్పుడు మందగిస్తుందని డాక్టరు వివరించాడు. అంతవరకు నాకు అర్థమైంది. చందాపురలో మందగించింది కుందలహళ్ళిలో నాకెలా వినిపించిందని అడిగితే, ఆయన నా వంక చూసి, మీరు కాస్త నిద్రపోండి అన్నాడు.

ఇన్నేళ్ళలో మళ్ళీ ఎప్పుడూ వినిపించలేదు. ఎలా విన్నానో నాకు ఈ రోజుకీ తెలియదు. అవసరమైతే ఇంకోసారి వినిపిస్తుందన్న భరోసా లేదు. అందుకే రోజూ ఫోన్ చేస్తాను. అక్క కంటే ముందు అత్తగారే తీసి, నేను నోరు తెరవకముందే చెప్తుంది.

"వేసుకునింది పాపా. నా చేత్తోనే ఇచ్చినా."