దసరా నాడు పోయిన వాన

పోయినవాటి లెక్క ముందే చెబుతాను. ఒక హార్డ్ డిస్కు. దూది నూగు పట్టి ఆగిపోయిన రెండు ఫ్యాన్లు. ఎండాకాలంలో ఒక ర్యామ్ ముక్క. ఇరవై తొమ్మిదేళ్ల వాన.

ఆ వాన కురిసింది కాదు, లెక్కలోది. వాతావరణం ఎలా మారబోతోందో తేల్చే పరిశోధకులు తమ పెద్ద లెక్కను ముక్కలు చేసి, ఇష్టపడిన వాళ్ల ఇళ్లలోని కంప్యూటర్లకు ఇంటర్నెట్‌లో పంపుతారు. నా వంతుకు నలభై ఏళ్ల వాతావరణం వచ్చింది. నా పాత కంప్యూటర్‌కు ఒక్క ఏడు తేల్చడానికి రెండు రోజులు పడుతుంది. జీతం లేదు, కరెంటు ఖర్చు నాదే.

మాది వేములవాడ దగ్గర మరమగ్గాల ఇల్లు. ముందు షెడ్డులో అన్న సాంచాలు, అంటే మరమగ్గాలు. వెనుక గదిలో నా కంప్యూటర్. నేను చదివింది పదో తరగతి. సాంచాల మీద ఎంత బట్ట దిగిందో లెక్క రాయడం నా పని. కంప్యూటర్ విప్పడం, బిగించడం చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను.

జైనూర్ వైపు కౌలుకు పత్తి వేసే మా చెల్లె ఒకరోజు ఫోన్లో అంది: "బాపు చెప్పిన కార్తెలు ఇప్పుడు పనిజేస్తలేవన్నా. మొలకకు వాన రాలే, పత్తి పగిలినంక దంచింది."

పాత లెక్క చెల్లకపోతే ఎవరో ఒకరు కొత్త లెక్క కట్టాలి. అందులో నా చెయ్యి కూడా ఉండాలనుకున్నాను.

అన్నకు ఇది నచ్చలేదు. "ఏందిరా గీ డబ్బా? రాత్రిపగలు తిరుగుడే గాని గజం బట్ట దిగదు."

"వాన నేస్తుందన్నా."

"నేసి ఎవలికి అమ్ముతవ్?"

దసరా నాడు సాంచాలు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ఆ రోజంతా నడపకుండా ఉంచడం మా పద్ధతి. నేను బంతిపూలు తేవడానికి బజారుకు వెళ్లాను. వచ్చేసరికి ఇంట్లో చప్పుడు లేదు. కంప్యూటర్ డబ్బాకు మూడు కుంకుమ బొట్లు, తెర నల్లగా ఉంది. అన్న షెడ్డు మెయిన్‌తో పాటు ఇంటి మెయిన్ కూడా దించేశాడు.

"గిదెందుకు బంద్ జేసినవన్నా?"

"మిషన్ మిషనే గద. దానికి మాత్రం ఒక్కరోజు సెలవొద్దా?" ప్రేమగానే అన్నాడు. "ఫికర్ జెయ్యకు. ఎక్కడ ఆగిందో అక్కడికెల్లే షురూ ఐతది."

సాంచా అంతే. కరెంటు పోయినా నేసిన బట్ట నేసినట్టే ఉంటుంది. నా లెక్క అలా కాదు, నడుస్తుండగా ఒక్కసారిగా కరెంటు తీస్తే చెడిపోవచ్చు. మళ్లీ వేసి చూస్తే ఫైలు పాడైంది. అప్పటికి తేలిన ఇరవై తొమ్మిదేళ్లూ చెల్లవని ఆ ముక్క వెనక్కి పోయింది.

"నేసిన బట్టంత పోగులు పోగులై ఊడిపోయిందన్నా."

వదినె పూల దండ పట్టుకుని నవ్వింది. "మంచిదే మరిదీ. దేవుడే పరేషాన్ తీసిండు. ఇంక ఇడిసిపెట్టు."

"నీ ఒక్కని లెక్క లేకుంటే లోకం ఆగుతదా?" అన్నాడు అన్న.

"ఆగది. నేనూ ఆగ."

తెల్లారి కొత్త లెక్క ముక్క తెప్పించుకున్నాను. మళ్లీ నలభై, మళ్లీ మొదటి ఏడు. నాలుగో రోజు అన్న షెడ్డులోంచి కేక వేశాడు: "తమ్మీ, మోటరు బాగుజెయ్యాలె. నీ వాన బంద్ పెట్టుకో, మెయిన్ గుంజుతున్న!"

పద్ధతిగా ఆపుకున్నాను. అప్పటినుంచి అడగకుండా ఏ మెయినూ దించడు. వెక్కిరించడం మాత్రం మానలేదు, మానమని నేనూ అడగలేదు.

చెల్లె నిన్న అడిగింది: "ఏమంటున్నదన్నా నీ డబ్బా? వచ్చే ఏడు ముందుగాల్నే గింజ పెట్టనా?"

"అది గా సంగతి చెప్పది చెల్లె. వచ్చే పంటకు అందది."

"మరెందుకే?"

"లెక్క తప్పిందని చేతులు ముడుచుకుంటనా?"

ఈ నలభైలో పదిహేడో ఏడు ఈ పొద్దున ముగిసింది. బాకీ ఇరవై మూడేళ్లు.