పసుపు కడాయి దగ్గర మోగని బెల్లు

బేరంలో నేనెప్పుడూ ఓడలేదని చెప్పుకుంటే ఆర్మూర్‌లో నవ్వేవాళ్లు చాలామందే ఉన్నారు. అయినా మనుషులతో ఓడింది తక్కువ. నేను పూర్తిగా ఓడిపోయింది ఒక చిప్పుతో. అగ్గిపెట్టె పొడవుంటుంది, నల్లగా, నలభై కాళ్లతో, తేలు పిల్లలా.

తొంభైల నడుమ సంగతి. డిగ్రీ అయ్యాక మా నాయన కిరాణా దుకాణంలో కూర్చోవడం తప్పించుకోవడానికి నిజామాబాద్‌లో ఒక కోర్సులో చేరాను. సీ భాషలో నాలుగు వరుసలు రాసి ఆ చిప్పులోకి ఎక్కిస్తే, తర్వాత కంప్యూటర్‌తో పని లేకుండా అదే దీపం వెలిగిస్తుంది, మోటారు ఆపుతుంది. ఆ మాట విని పడిపోయాను. కానీ చెప్పినదంతా నేర్చుకోవడం మా ఇంటా వంటా లేదు. కష్టమైన రెండు పాఠాలు వదిలేసి ఆ రోజులు ల్యాబ్‌లో కలపమని సార్‌తో బేరమాడి ఒప్పించుకున్నాను. ఇన్‌స్టిట్యూట్‌లో బేరానికి లొంగనిది, మనం రాసింది చిప్పుకు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఒక్కటే. ఒక్క సెమికోలన్ తక్కువైతే సర్దుకోదు. ముప్ఫై తప్పులు చూపించి మొహాన కొట్టేది.

అంకెల్ని వరుస గడుల్లో దాచుకునే పాఠం రోజు, మొదటి గడి నంబరు సున్నా అని సార్ చెప్పారు. నాకు మింగుడుపడలేదు. మా దుకాణంలో మానికతో గింజలు కొలిస్తే మొదటి మానికను ఒకటి అనం, ‘లాభం’ అంటాం. తర్వాత రెండు, మూడు. చిన్నప్పుడు ఒకసారి ఆటకు సున్నా అని మొదలుపెట్టి మా నాయన చేతిలో వీపు మోగించుకున్నాను. అందుకని సార్ సున్నాను సార్‌కే వదిలేసి, నా గడుల్ని ఒకటి నుంచి నింపడం అలవాటు చేసుకున్నాను. ఆ వరుస పక్కన ‘లాభం’ అని రాసుకునేవాణ్ని కూడా. ప్రోగ్రాములు నడిచాయి. నడుస్తున్న సరుకును ఎవడు విప్పి చూస్తాడు?

ఆ చలికాలం చివర మా వీధి కాక దుకాణానికి వచ్చాడు. సొంత చిన్నాన్న కాదు, వీధందరికీ కాకే. పచ్చి పసుపు కొమ్ముల్ని ఎండబెట్టే ముందు పెద్ద ఇనుప కడాయిల్లో ఉడకబెడతారు. తక్కువ ఉడికితే పురుగు పడుతుంది, ఎక్కువ ఉడికితే రంగు చస్తుంది. మంట ఎప్పుడు తీయాలో ఆవిరి వాసన చూసి చెప్పడం కాక పని. పుల్ల గుచ్చి చూసేవాళ్లను ఆయన మనుషుల్లోనే వేసేవాడు కాదు.

ఆ రోజు నువ్వుల నూనె అడిగాడు. నేను పరధ్యానంలో కిరసనాయిలు పోసిచ్చాను. ఆయన సీసా ముక్కు దగ్గర పెట్టుకుని, మంచిగున్నదని తలూపి మూత బిగించాడు. నేను సీసా వెనక్కి లాక్కున్నాను. నా మొహం చూసి ఆయనకు సంగతి తెలిసిపోయింది.

“జరమొచ్చి పోయిన సంది ఏ వాసనా తెలుస్తలేదు,” అన్నాడు మెల్లగా. “ఎవలకు చెప్పకు చిన్న సేటు. తెలిస్తే కడాయి కాడికి రానియ్యరు.”

కొనేవాడు దొరికిన కొత్త వ్యాపారిలా ఎగిరాను. “ముక్కుతోని ఏం పని కాకా, నేను నీకు బెల్లు చేసిస్త.”

వేడిని పట్టే కడ్డీ ఒకటి నీళ్లలో, చిప్పు ఒక డబ్బాలో, డబ్బాకు బెల్లు. నిమిషానికోసారి వేడి చూసి ఆ అంకెను ఎనిమిది గడుల్లో వరుసగా దాచుకుంటుంది. గడులు నిండితే మళ్లీ మొదటికి వస్తుంది. నీళ్లు నిజంగా మసిలిన నిమిషాల్నే లెక్కపెట్టి, నలభై ఐదు కాగానే మోగుతుంది. మంట తగ్గిన నిమిషాలు లెక్కలోకి రావు, అందుకే ఉత్త గడియారం చాలదు. ముప్పావు గంట అన్నది కాక తన అనుభవంలోంచి తీసిచ్చిన లెక్క.

ఇంట్లో పరీక్షించాను. ముప్పావు గంట స్టవ్ మండితే కిరసనాయిలు దండగ కదా, నలభై ఐదును ఐదు చేసి, మా అమ్మ చాయ్‌కు మసలబెట్టిన నీళ్లలోనే కడ్డీ ముంచాను. ఐదో నిమిషానికి బ్రహ్మాండంగా మోగింది. మళ్లీ నలభై ఐదు చేసి చిప్పులోకి ఎక్కించుకొచ్చాను. ఆ రోజుల్లో చిప్పులో రాత మార్చాలంటే ముందు ప్రత్యేకమైన దీపం కింద పెట్టి పాతది చెరపాలి. ఆ దీపమూ, కంప్యూటరూ నిజామాబాద్‌లోనే.

పోచంపాడ్ దారిలో ఒక ఆసామి పొలంలో ఆ ఏటి తొలి కడాయి ఎక్కింది. పిలగాడు కాలేజీ పరీక్షకు ఏదో తెచ్చుకున్నాడని కాక ఆసామికి చెప్పాడు. గోనెసంచులు కప్పిన కడాయి పక్కన, డబ్బా వైపు చెవి పెట్టి గొంతుక్కూర్చున్నాడు. నీళ్లు మసిలాయి. నా చేతి గడియారంలో నలభై ఐదు దాటింది, యాభై దాటింది. నడుమ మంట తగ్గిందిగా, ఆ నిమిషాలు పోయి ఉంటాయని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నాకు నేను అమ్ముకున్నంత సులువుగా ఎవరికీ ఏ సరుకూ అమ్మలేదు.

“మోగలేదా?” అన్నాడు కాక.

“మోగుతది కాకా.”

అరవై అయింది. నా దగ్గర ఉన్నది ఒక స్క్రూడ్రైవరు. డబ్బా విప్పితే నలభై కాళ్లు కనబడతాయి, లోపల నేను రాసింది కనబడదు. నేనే రాసినదాన్ని నేనే అడగలేను. కాక నా చెయ్యి పట్టి దగ్గరికి లాక్కున్నాడు.

“వాసన ఎట్లున్నదిరా?”

గట్టిగా పీల్చాను. ఎండిన కొమ్మును విరిచి, టక్కుమన్న చప్పుడు విని మంచిచెడ్డలు చెప్పడం నాకు వచ్చు. ఉడికే పసుపు సంగతి ఏం తెలుసు? “పసుపు వాసన లెక్కనే ఉన్నది,” అన్నాను. కాక నవ్వలేదు. పుల్ల గుచ్చి చూద్దామా అని చెవిలో అడిగితే, ఆసామి వైపు ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు.

అప్పటికే ఆసామి దగ్గరికొచ్చాడు. “ఏందే కాకా, ఇయ్యాల నీ ముక్కు నిద్రపోయిందా?”

కాక లేచి మంట తీయించాడు. సంచులు తీస్తే కొమ్ములు వేలి కింద మెత్తగా నలిగాయి.

తప్పెవరిదని ఆసామి అడిగితే, తనకే ఏమరపాటైందన్నాడు కాక. డబ్బా మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చైత్రంలో ఆ పసుపు మా ఊరి పసుపు అంగడికి వచ్చింది. కొనేవాడు కొమ్ము విరిస్తే చప్పుడు లేదు, లోపల మట్టిరంగు. నేను పక్క రాశి వెనక నిలబడి గోనెసంచి దారం పీకుతున్నాను. మిగతా కడాయిలకు ముప్కాల్ నుంచి ఇంకొకర్ని పిలిపించారని అక్కడే విన్నాను.

తప్పు దొరకడానికి ఇంకో నెల పట్టింది. ఎనిమిది గడులంటే సున్నా నుంచి ఏడు దాకా. నేను లాభం నుంచి ఎనిమిది దాకా నింపాను. ఎనిమిదోది నాది కాదు, పక్క గడి. ఆ పక్క గడిలోనే నా నిమిషాల లెక్క ఉంది. ప్రతి ఎనిమిదో నిమిషానికి వేడి అంకె వచ్చి నిమిషాల మీద కూర్చునేది. సరిగ్గా నలభై ఐదైతేనే మోగమని రాశాను. నీళ్లు మసిలే వేడి అంతకు ఎంతో పైమాట కాబట్టి, లెక్క ఆ అంకెను ఒక్క గెంతులో దాటేసేది, ఇక నలభై ఐదు ఎప్పటికీ రాదు. ఇంట్లో పరీక్ష ఐదు నిమిషాలకే ముగించాను కదా, ఎనిమిదో నిమిషం దాకా పోనేలేదు. గిన్నెడు కిరసనాయిలు మిగుల్చుకున్నాను.

సరిచేసి కాక ఇంటికి పట్టుకుపోయాను. అంతా చెప్పాను, వేళ్ల మీద సున్నా నుంచి లెక్కపెట్టి చూపించాను. ఓపిగ్గా విన్నాడు.

“ఇప్పుడు మోగుతదా?”

“మోగుతది.”

“మోగితే మోగనియ్. నన్నెవలు పిలుస్తరు?”

అయినా నా మొహం చూసి పొయ్యి మీద ఉత్త నీళ్లు పెట్టించాడు. అవి మసిలాక ముప్పావు గంట ఇద్దరం కట్టెలు ఎగదోస్తూ కూర్చున్నాం. బెల్లు మోగింది. కాక చటుక్కున లేచి కట్టెలు బయటికి లాగాడు. తర్వాత మూత తీసి, ఆ ఉత్త నీళ్ల ఆవిరి మీదికి వంగి, ముక్కుతో గట్టిగా పీల్చాడు.