పేర్లు మిగిలిన పాఠాలు

మా వదిన పొదుపు గురించి చెప్పాలంటే అగ్గిపుల్లతో మొదలుపెట్టాలి. ఒక్క పుల్లతో రెండు పొయ్యిలూ వెలిగించి, మిగిలిన ముక్కని కూడా దేనికైనా పనికొస్తుందని దాచే మనిషి. మాటల్లోనూ అంతే. అన్నయ్య గంటసేపు మాట్లాడితే ఆవిడ ఒక "ఊఁ" ఖర్చుపెడుతుంది.

వదినా నేనూ ఒకే చోట పనిచేస్తాం. చూపులేని విద్యార్థులు వచ్చి పాఠాలు వినే చిన్న గ్రంథాలయం అది. మైకులు, తీగలు నావి. కంప్యూటర్లు, వాటిలో ఉన్నదానికి తీసిపెట్టే నకళ్ళు, అదే బ్యాకప్‌లు, వదినవి. అక్కడందరూ ఆవిడని పొదుపమ్మ అంటారు, అదీ ఎదురుగానే.

పాఠాలన్నీ చదివింది మాస్టారు. ఏళ్ళ తరబడి రికార్డింగు గాజు గదిలో కూర్చుని ఆయన చదివిన చరిత్ర, లెక్కలు విని ఎందరో పిల్లలు పరీక్షలు గట్టెక్కారు. పోయిన ఏడాది గొంతుకి ఆపరేషన్ జరిగి ఆయన మాట పూర్తిగా పోయింది. ఇక ఆయన గొంతంటే ఆ రికార్డింగులే. ఈ సంగతి పిల్లలకి చెప్పొద్దని కాగితం మీద రాసి చూపించారు. రోజూ వచ్చి వాళ్ళ మధ్యే కూర్చునేవారు. వాళ్ళ చెవుల్లో ఆయన చదువుతూనే ఉండేవారు. పక్క కుర్చీలో ఉన్నదెవరో వాళ్ళకి తెలీదు.

ఇంతలో బ్యాకప్‌లని ఇంటర్నెట్‌లో దాచిపెట్టే క్లౌడ్ కంపెనీ అద్దె పెంచింది. వదిన చవకైన ఇంకో కంపెనీలో అకౌంటు తెరిచింది. తిరకాసేమిటంటే, పాత కంపెనీవాళ్ళు లోపలికి పంపడానికి పైసా అడగరు గానీ బయటికి తీయాలంటే తూకం వేసి మరీ వసూలు చేస్తారు.

"వారానికో బ్యాకప్ ఉంది. అన్నిట్లోనూ అవే పాఠాలు. అన్నీ మొయ్యడం దేనికి? చివరిదొక్కటి చాలు," అంది వదిన. దాని జాబితా తెరిచి నాకు చూపించింది కూడా. మొదటి పాఠం నుంచి ఆఖరి పాఠం దాకా పేర్లన్నీ ఉన్నాయి.

"సైజు ఇంత తక్కువుందేంటి వదినా?"

"నొక్కి మడతపెడతారు మరిదిగారూ, పెట్టెలో బట్టల్లాగా."

ఆ ఒక్కదాన్నే బయటికి తీసి కొత్త చోటికి పంపితే ఖర్చు టీ డబ్బుల్లో తేలిపోయింది. వచ్చే నెల అద్దె మిగలాలని పాత అకౌంటుని ఆ రోజే మూసేసింది. సాయంత్రం అందరికీ తన డబ్బుతో టీ ఇప్పించింది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

వారం తిరక్కుండా గ్రంథాలయం కంప్యూటర్లో డిస్కు చచ్చింది. బ్యాకప్ ఉందిగా అని ఎవరూ కంగారుపడలేదు. కొత్త డిస్కు బిగించాం. వదిన బ్యాకప్ దించి మొదటి పాఠం నొక్కింది. చప్పుడు లేదు. స్పీకరు తీగ ఊడిందేమోనని నేను బల్ల కిందకి దూరాను. తీగ బాగానే ఉంది. రెండో పాఠం, మూడో పాఠం, ఎక్కడెక్కడివో నొక్కుతూ పోయింది. పేర్లున్నాయి, లోపల ఏమీ లేదు.

వదిన అప్పుడు ఆ బ్యాకప్ నియమాలు తీసి చదివింది. పాఠాలన్నీ పూర్తిగా ఉండేది మొట్టమొదటి బ్యాకప్‌లోనేనట. తర్వాతి వాటిలో ఆ వారం మారినవి మాత్రమే ఉంటాయి, మిగతావాటికి ఉత్త పేర్లే. మాస్టారు చదవడం మానేశాక ఇక మారేదేముంది? పేర్లని మోసుకొచ్చి గొంతుని అక్కడే వదిలేశాం.

వదిన పాత కంపెనీకి ఫోన్ చేసింది.

"మూసిన రోజే చెరిపేస్తామండీ. మీరు ఒప్పుకున్నాకే మూశాం కదండీ," అన్నాడు అవతలివాడు, ఎంతో మర్యాదగా.

అతను ఫోన్ పెట్టేశాక కూడా ఆవిడ తన ఫోన్ చెవి దగ్గరే పట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు మాటలు అందామని తిరిగితే, ఆ మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

మాస్టారికి వదినే చెప్పింది. ఆయన ఆవిడని గాజు గదిలోకి తీసుకెళ్ళారు. తర్వాత ఒక పాఠ్యపుస్తకం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, మైకుని ఆవిడ ఎత్తుకి దించారు. వదిన చదివింది. తప్పు దొర్లినప్పుడల్లా ఆయన వేలితో బల్ల మీద కొట్టారు, ఆవిడ మళ్ళీ మొదటికి వెళ్ళింది. అన్ని మాటలు ఒక్కసారిగా ఆవిడ జన్మలో ఖర్చుపెట్టి ఎరగదు.

మర్నాడు పరీక్ష దగ్గరపడిన ఒక అమ్మాయి ఆ పాఠం కాస్త విని హెడ్‌ఫోన్ తీసేసింది.

"మాస్టారు ఊళ్ళో లేరాండీ? మళ్ళీ ఎప్పుడు చదువుతారు?"

మాస్టారు ఆ పిల్ల పక్క కుర్చీలోనే ఉన్నారు. చెప్పొద్దన్నట్టు మావైపు చూశారు. నేను హెడ్‌ఫోన్ తీగ చుట్టడం మొదలుపెట్టాను.

"నీ పక్కనే ఉన్నారమ్మా," అంది వదిన. "ఆయన మాట పోయి ఏడాదైంది. మిగిలిన గొంతుని నేను పోగొట్టాను."

మాస్టారు ఆవిడ తప్పు కాదన్నట్టు చెయ్యి ఊపారు. ఆ పిల్లకి అది కనబడదు.