రెబెక్కా టీచరు తర్జుమా

బోధకుడు ఇంగ్లీషులో ఒక మాట అనడం, పక్కన రెబెక్కా టీచరు చెంగు నడుముకి దోపుకుని మైకులో దాన్ని తెలుగులో చెప్పడం, ఆ లంక ఊరి చర్చిలో ఏళ్లుగా ఇదే వరస. ఎదుటివాళ్ల ఇంగ్లీషంతా ఆవిడకి అర్థమవుతుంది. తన ఇంగ్లీషు మాత్రం గొంతు దాటదు. ఫోన్లో పాఠాలు విన్నది, అద్దంతో మాట్లాడింది, కోచింగ్‌లో చేరింది. ఎక్కడి గొంగళి అక్కడే. "ఇంగ్లీషులో ఆలోచించండి మేడమ్" అని కోచింగ్ మాస్టారు అన్నప్పుడల్లా ఒళ్లు మండిపోయేది.

మొన్న చర్చిలో పెట్టిన ఉజ్జీవ ప్రార్థన సభకి ఆడవాళ్లు అరటి తోటల్లోంచి నేరుగా, ఆలస్యంగా వచ్చారు. కారులో వచ్చిన అతిథి బోధకుడు వాళ్లని చూసి నవ్వి, వీళ్ల పేదరికానికి సోమరితనమే కారణమని ఇంగ్లీషులో అని, తర్జుమా కోసం ఆగాడు. రెబెక్కాకి ఆ మాట తెలుగులో చెప్పడానికి నోరు రాలేదు. గిర్రున ఆయన వైపు తిరిగింది.

"నో సార్! దే ఆర్ నాట్ లేజీ. దే కేమ్ స్ట్రెయిట్ ఫ్రమ్ వర్క్. యూ కేమ్ ఇన్ ఏ కార్. సే సారీ టు దెమ్!"

ఎక్కడా తడబడలేదు.

"ఏమన్నారండీ ఆయన?" ముందు వరసలోంచి కూలి సంపూర్ణమ్మ అడిగింది.

రెబెక్కా మైకు ఆయన నోటి దగ్గర పెట్టింది. "అనాల్సింది ఇంకా అనలేదండీ. అనగానే చెప్తాను."