జత జాడీ

మా ఇంట్లో ఊరేవన్నీ, ఎండేవన్నీ రెండేసి ఉండేవి. రెండు జాడీల పులిహోర పులుసు, రెండు డబ్బాల కందిపొడి, రెండు గుడ్డసంచుల వంకాయ ఒరుగులు. ఒకటి నాన్నతో అడవికి వెళ్ళేది. రెండోది వంటింటి అలమరా పై అరలో కూర్చునేది. ఆ రెండోదాన్ని ఎవరూ తినకూడదు. చుట్టాలొచ్చినా, కూర మాడినా దాని జోలికి వెళ్ళకూడదు. అడవిలో ఉన్న మనిషికీ, అలమరాకీ పెట్టి, ఇంట్లో ఉన్నవాళ్ళకి బీరకాయ పచ్చడి పెట్టే ఇల్లు ఈ ఊళ్ళో మాదొక్కటేనని నేను గొణుక్కునేదాన్ని.

నాన్నది బషీర్‌బాగ్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసు. పేరుకే అది. ఏడాదిలో నాలుగైదు నెలలు ఆయన గోదావరి పక్క అడవుల్లో నేల కొలుస్తూ, రాళ్ళు ఏరి సంచుల్లో కడుతూ డేరాలో ఉండేవారు. చలి మొదలయ్యాక వెళ్ళి, ఎండలు ముదిరాక వచ్చేవారు. అక్కడ బియ్యం దొరికేవి. కూరా నారా, పాలూ పెరుగూ ఉండేవి కావు. సామాన్ల జీపు వారానికోసారి వస్తే వచ్చినట్టు. అన్నంలో కలుపుకునేది ఏదైనా ఇంటి నుంచే వెళ్ళాలి, సీజను అయ్యేదాకా నిలవుండాలి.

నా చిన్నతనంలో ఒకసారి ఆయన అక్కడ పాడైపోయిన పచ్చడి తిన్నారు. నాన్న నశ్యం మనిషి. ముక్కు మొహానికి అందంగా ఉండేది కానీ దానికి ఏ వాసనా తెలిసేది కాదు. వాంతులతో, విరేచనాలతో స్పృహ లేని మనిషిని నలుగురు నులకమంచం మీద రోడ్డు దాకా మోసుకొచ్చారు. నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆ పచ్చడి అమ్మ చేతిదే. అది ఎప్పుడు పాడైందో తనకి తెలియలేదన్నదే ఆమె బాధ. ఆయన మంచం పక్కన కూర్చుని, "నాకెలా తెలుస్తుందండీ, ఇక్కడుంటే నాకెలా తెలుస్తుంది?" అని అడిగినమాటే అడిగేది.

ఆ తర్వాతి ఏడు నుంచి జత పెట్టడం మొదలైంది. సుల్తాన్ బజార్‌లో ఒకే కొలత జాడీలు రెండు ఏరి తెచ్చింది. చింతపండు గుజ్జు, మెంతులూ ఆవాలూ వేయించి కొట్టిన పొడి, ఎండుమిర్చి, ఉప్పు, ఇంగువ, చిన్న బెల్లం ముక్క, అన్నీ ఒకే మూకుట్లో, నూనె పైకి తేలేదాకా ఉడికించేది. చల్లారాక గరిటె ఒకసారి ఈ జాడీలోకి, ఒకసారి ఆ జాడీలోకి. ఆఖరి గరిటె దాకా అంతే. రెండింటికీ గుడ్డతో వాసెన కట్టి, ఒకటి ఊక నింపిన చెక్కపెట్టెలో పెట్టేది, ఒకటి అలమరా ఎక్కించేది.

శుక్రవారం పొద్దున తలంటుకుని, జుట్టు పూర్తిగా ఆరాక, పొడి చెంచా తీసుకుని అలమరా తెరిచేది. నాలుక కొసకి కొంచెం రాసుకుని కళ్ళు మూసుకునేది. "ఇంకా పచ్చిగానే ఉంది" అనేది మొదటి వారాల్లో. ఆ తర్వాత, "ఇప్పుడు బాగా ఊరిందే. ఈ వారం మీ నాన్న ఒక ముద్ద ఎక్కువ తింటారు." ఆ పూట ఆమె మొహం చూస్తే నాన్న పక్కగదిలోనే ఉన్నట్టుండేది. అడవిలో ఎండ వేరు, గాలి వేరు, ఇక్కడ రుచి చూస్తే అక్కడ సంగతి ఏం తెలుస్తుందని నాన్న ఒకసారి నవ్వారు. "ఎండ వేరైతే ఏం, పులుసు ఒకటేగా" అంది అమ్మ.

నేను చెప్పబోయేది ప్రత్యేక రాష్ట్రం కావాలని ఉద్యమం వచ్చిన ఏడాది సంగతి. నేను నారాయణగూడలో డిగ్రీ మొదటి సంవత్సరం. కాలేజీలు మూతపడ్డాయి. ఎప్పుడు తెరుస్తారో తెలియదు. బస్సులు ఒకరోజు తిరిగితే రెండు రోజులు తిరగవు. మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చి అశోక్ నగర్‌లో ఒక మేడ మీద రెండు గదులు కిరాయికి తీసుకుని ఉంటున్నాం. కింద ఇంటావిడ ఉండేది. పాలమూరు వైపు మనిషి, భర్త పోయిన పెద్దావిడ. అమ్మని "చెల్లె" అనేది, అమ్మ "అక్కయ్యగారూ" అనేది. మావైపు వాళ్ళు వెళ్ళిపోవాలని వీధి గోడల మీద రాతలు మొదలయ్యాక ఇద్దరూ కొంచెం ఆచితూచి మాట్లాడుకోవడం నేను గమనించాను. ఒరుగులు ఎండబెట్టుకోవడానికి ఎప్పుడూ అడగకుండా డాబా ఎక్కే అమ్మ, ఆ ఏడు ఎక్కేముందు ఆవిడని అడిగింది. "అదేంది చెల్లె, గట్ల అడుగుతవు? డాబా ఏడికి పోతది?" అంది ఆవిడ. కానీ అమ్మ అడగడం మానలేదు.

నాన్న వెళ్ళిన రెండు నెలలకి ఉత్తరాలు ఆగిపోయాయి. పోస్ట్‌మాన్ రోజూ రావడం లేదని అమ్మ మధ్యాహ్నం మూడింటికి చిక్కడపల్లి పోస్టాఫీసుకి నడిచి వెళ్ళి అడిగి వచ్చేది. ఆ ముప్పావుగంట ఇంట్లో నేనొక్కదాన్నే. పదిహేడేళ్ళు, పని లేదు, రోజంతా ఆకలి. గిన్నెలో పొద్దుటి అన్నం ఉండేది. పైన జాడీ ఉండేది.

మొదటిసారి కోపంతోనే తీశాను. ఎప్పుడూ ఇంట్లో ఉండని మనిషికి అంత మర్యాద, కళ్ళెదురుగా ఉన్న నాకు ఇంతేనా అని. చేతులు శుభ్రంగా కడుక్కున్నాను, అమ్మ నేర్పిన అలవాటు. కడుక్కున్న చెయ్యి తుడుచుకునే ఓపిక మాత్రం నాకు ఏనాడూ లేదు. రెండు వేళ్ళతో తీసుకుని చల్లన్నంలో కలుపుకుని తిన్నాను. ఆ రుచి ఇప్పటికీ చెప్పగలను. ముందు పులుపు, ఆ వెనకే కారం, అన్నం మింగాక ఎప్పటికో మెంతి చేదు. కళ్ళు చెమర్చాయి. మళ్ళీ వాసెన కట్టి, అమ్మ వేసే ముడే వేశాను. మర్నాడు కోపం లేదు, అయినా తిన్నాను. ఒక పది పదిహేను రోజులు నడిచింది నా భాగోతం. ఒక శుక్రవారం అమ్మకి కూడా ఏమీ తెలియలేదు. నూనె తేరుకుని ఉండబట్టి మట్టం తగ్గింది కనిపించలేదు. నేను తెలివైనదాన్ననుకున్నాను.

ఆ తర్వాతి శుక్రవారం అమ్మ వాసెన విప్పి, చెంచా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పులుసు మీద తెల్లగా, అంచుల్లో పచ్చగా బూజు.

జాడీ దించి నేల మీద పెట్టి, దాని ఎదురుగా కూలబడింది. "ఎన్నాళ్ళ నుంచి తింటున్నారో" అంది. నాకు అప్పుడు గానీ వెలగలేదు. ఆమెకి ఆ బూజు మా అలమరాలో లేదు. గోదావరి పక్కన, నాన్న కంచంలో ఉంది. ఉత్తరాలు ఎందుకు రావడం లేదో కూడా ఆమెకి తెలిసిపోయింది.

నేనే వెళ్ళి ఇంటావిడని పిలుచుకొచ్చాను. ఆవిడ వంగి చూసింది, వాసన చూసింది. "తడి చెయ్యి పడ్డదేమో సూడు చెల్లె. ఊకెనే గిట్ల గాదు."

"మా ఇంట్లో తడి చెయ్యి పెట్టేవాళ్ళు ఎవరూ లేరండీ" అంది అమ్మ. ఎప్పుడూ లేనంత గట్టిగా అంది. "నా పిల్ల అలాంటిది కాదు."

ఇంటావిడ నావైపు చూసింది. నేను జాడీవైపు చూశాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. పరాయి మనిషి ముందు అమ్మ నన్ను వెనకేసుకొచ్చాక, ఆ మాట అబద్ధం చేయడానికి నాకు నోరు రాలేదని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. నిజమేమిటంటే భయమేసింది.

అమ్మ చీర మార్చుకుని బయల్దేరింది. నాన్న ఆఫీసు గడప ఆమె అంతకుముందు తొక్కలేదు. బస్సులు లేవు. చిక్కడపల్లి దాటి, నారాయణగూడ మీదుగా బషీర్‌బాగ్ దాకా ఎండలో నడిచాం. గుమాస్తా కూర్చోబెట్టి మర్యాదగానే విన్నాడు. క్యాంపు నుంచి చెడ్డ కబురేమీ లేదని, టపా మాత్రం వారాలుగా ఆగిపోయిందని చెప్పాడు. వైర్‌లెస్‌లో కబురు పంపమని అమ్మ అడిగింది. ఏమని పంపాలన్నాడు. "పులుసు తినొద్దని చెప్పండి" అంది. పక్క బల్లల వాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. "పులుసు సంగతి వైర్‌లెస్‌లో ఎలా చెప్పమంటారమ్మా?" అన్నాడు గుమాస్తా. "నేను చెప్పమంటున్నది ఆయన ప్రాణం సంగతి" అంది అమ్మ. నవ్వులు ఆగిపోయాయి. సోమవారం పొద్దున జీపు వెళ్తుందని, ఉత్తరం ఇస్తే తప్పకుండా చేరుస్తామని చెప్పాడు.

ఆ సాయంత్రం అమ్మ రాసింది. పులుసు పాడైంది, ముట్టుకోవద్దు, మీకు వాసన తెలియదు కనుక బాగానే ఉందని అనుకోవద్దు. నా చేతే కవరు అంటించింది. అంటిస్తూ నాకు లెక్క తెలిసింది. ఈపాటికి కందిపొడి, ఒరుగులు అయిపోయుంటాయి. ఆయన దగ్గర మిగిలింది ఆ జాడీ ఒక్కటే. అలమరాలోని జత డబ్బా, జత సంచి పంపడానికి అమ్మకి ఇప్పుడు తన చేతి మీద నమ్మకం లేదు. అది బాగానే ఉండుంటుంది. ఇంకా రెండు నెలల క్యాంపు ఉంది. ఈ ఉత్తరం చేరితే ఆయన ఏం తింటారు?

ఆదివారం ఇంటావిడ ఒక గుడ్డసంచి పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. జొన్నలు వేయించి, విసిరి, బెల్లం దంచి కలిపిన సత్తుపిండి. "గిది గూడ పంపు. మా నాయిన మన్ను పనికి పోతే ఆర్నెల్లు వస్తుండకపోయె. గిదే కట్టుకపోతుండె. ఇన్ని నీళ్ళు పోసి కలుపుకుంటే చాలు, ఖరాబ్ కాదు. జర పరేషాన్ గాకు చెల్లె." అమ్మ సంచిని రెండు చేతులా అందుకుంది.

సోమవారం ఆ సంచి నా చేతిలో, ఉత్తరం అమ్మ చేతిలో. నారాయణగూడ చౌరస్తా దగ్గర "అమ్మా" అన్నాను. చెప్పేద్దామనే అన్నాను. ఆమె వెనక్కి తిరిగి, "ఏమే, కాళ్ళు నొప్పులా?" అంది. "ఊ" అన్నాను. రిక్షా పిలిచింది. తన కోసం ఏనాడూ రిక్షా ఎక్కని మనిషి. ఆ రిక్షాలో ఆమె పక్కన కూర్చున్నంత హీనంగా నేను మళ్ళీ ఎక్కడా కూర్చోలేదు.

జీపు వెళ్ళిపోయింది. పది రోజులకి ఆగిపోయిన ఉత్తరాలన్నీ కట్టగా వచ్చాయి. నాన్న బాగానే ఉన్నారు. తను వేళకి హెచ్చరించబట్టే ఆయన బయటపడ్డారని అమ్మ నమ్మింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

వైశాఖంలో నాన్న వచ్చారు. ప్యాంటు బెల్టుకి కొత్తగా రెండు బెజ్జాలు ఉన్నాయి. చొక్కా భుజాల మీద నిలవడం లేదు. డేరాలో తోటివాళ్ళిచ్చిన మజ్జిగ మిరపకాయలు ఉన్నన్నాళ్ళు వాటితో, ఆ తర్వాత ఉప్పుతో అన్నం తిన్నానని, పొద్దున్నే ఆ సత్తుపిండి లేకపోతే కొండలెక్కే ఓపిక ఉండేది కాదని చెప్పారు. తర్వాత పెట్టెలోంచి జాడీ తీసి అమ్మ ముందు పెట్టారు. "పారేయమన్నావు కానీ నీ చేతిది పారెయ్యడానికి మనసొప్పలేదు. ఉత్తరం అందిన రోజు మూత కట్టాను, మళ్ళీ విప్పలేదు."

అమ్మ వాసెన విప్పింది. నూనె కింద పులుసు ఎర్రగా నిగనిగలాడుతూ ఉంది. పొడి చెంచా తెచ్చి నాలుకకి రాసుకుంది. కళ్ళు మూసుకోలేదు. ఆ జాడీనే చూస్తూ, "ఒకే మూకుడు" అంది. "ఒకే గరిటె."

"నేనేనమ్మా" అన్నాను. "నువ్వు పోస్టాఫీసుకి వెళ్ళినప్పుడు. తడి చేత్తో."

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "ఆవిడ అడిగినప్పుడు నేనేం చెప్పానో నీకు గుర్తుందా?" అంది. అంతే. మెట్లు దిగి కిందికి వెళ్ళింది. పైనున్న నాకు వినిపించింది. "మీరన్నదే నిజం అక్కయ్యగారూ. మా పిల్లే."

"నాకు గప్పుడే ఎర్కయింది చెల్లె. ఆకలైంది పోరికి. పోనియ్యి" అంది ఆవిడ.

నాన్న అన్నం పెట్టించుకుని, ఆ జాడీలోదే వేడన్నంలో కలుపుకుని, నాకూ ఒక ముద్ద పెట్టబోయారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

మళ్ళీ చలికాలం వచ్చింది. మళ్ళీ మూకుడు ఎక్కింది. సుల్తాన్ బజార్ జాడీల్లో ఒక్కటే కడిగి, ఎండబెట్టి ఉంది. రెండోది ఏదమ్మా అని అడిగాను. "ఎందుకు?" అంది. "రుచి చూస్తే నాకు అన్నీ తెలుస్తున్నాయనుకున్నాను. ఏమీ తెలియలేదుగా. మంచిదాన్ని తిననివ్వకుండా ఆయన్ని మాడ్చాను." గరిటె మీద గరిటె, అంతా ఒక్క జాడీలోకే పోసింది. ఆ క్షణం నాకు తెలిసింది నేను చెడగొట్టింది పులుసు కాదని. వారానికొకసారి, కళ్ళు మూసుకుని, ఆమె ఆయన పక్కకి వెళ్ళి వచ్చేది. ఆ దారి మూసేశాను.

ఆమె వాసెన గుడ్డ కోసం గదిలోకి వెళ్ళినప్పుడు నేను మూకుడు అడుగున మిగిలింది గీకి ఒక చిన్న సీసాలో పెట్టాను. ఈసారి చెయ్యి తుడుచుకున్నాను. గరిటె తుడిచాను, సీసా మూతి తుడిచాను. నా పుస్తకాల వెనక దాచాను.

నాన్న వెళ్ళిన మొదటి శుక్రవారం, అమ్మ తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటూ ఊరికే కూర్చుంది. ఆమె ముందు ఆ సీసా, ఒక చెంచా పెట్టాను. చెంచా తీసుకుంది. పొడిగానే ఉంది. అయినా చీర కొంగుతో ఒకసారి తుడిచింది, నావైపు చూసి మళ్ళీ ఒకసారి తుడిచింది. నాలుకకి రాసుకుని, కళ్ళు మూసుకుంది.

"ఉప్పు తక్కువైందే" అంది. "మీ నాన్న పాపం, చెప్పకుండా తినేస్తుంటారు."